మాసిన అట్ట

పులివెందుల రేకు పడింది.

మా ప్రొద్దుటూరు టెలిఫోను బోర్డు మీద ఒక్కో లైనుకు వేలిగోరంత ఇత్తడి రేకు ఉంటుంది. అవతలివాళ్లు పిడి తిప్పితే ఆ రేకు టప్పుమని వాలుతుంది. వెంటనే తాడు కొసనున్న ప్లగ్గు ఆ లైను రంధ్రంలో పెట్టి, నంబరు అడిగి, ఇంకో తాడుతో వాళ్లకు కావలసిన చోటికి కలపాలి. ఇన్నేళ్లుగా నా బతుకంతా పడిన రేకులు ఎత్తడమే.

"అన్నా, సెట్టిమామ పోయినాడన్నా," అన్నాడు పులివెందుల ఆపరేటరు. "పొద్దన వచ్చి బోర్డు కాడ కూచున్యాడు. గుండెలో ఎట్లనో ఉండాదన్యాడు. అంతే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమెందుకు, నిజంగానే తిరిగాయి. ఆ పిల్లవాడు అంతటితో ఫోను పెట్టేసి ఉంటే అవి కిందికి జారేవి కూడా.

"ఇంకో మాటన్నా. బోర్డు పని గురించి మామ రాసిన అట్ట శానా మాసిపోయింది. అక్షరాలు కనపడల్యా. కొత్తగా రాయించమని సూపర్వైజరు ఎప్పటినుంచో చెప్తానే ఉండాడు. నీ రాత ముత్యాల మాదిరి ఉంటాది గదా. నువ్వే రాసియ్యాలన్నా."

కన్నీళ్లు ఎక్కడివక్కడ ఇంకిపోయాయి. మనిషి పోయి ఒక పూట కాలేదు, అప్పుడే నన్ను తన అట్టకు గుమస్తాను చేశాడు.

ఆయన అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంటుంది. మాకందరికీ సెట్టి. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధిలో పుట్టాడు. అన్నదమ్ములు అంగట్లో కూర్చుంటే ఈయన మాత్రం మా ఎక్స్ఛేంజిలో చేరాడు గానీ, అంగడిని కూడా వెంటబెట్టుకునే వచ్చాడు. పొద్దున మొదటి కాల్ వస్తే ప్లగ్గును రెండు కళ్లకూ అద్దుకుని, "బోణీ" అని గొణిగి, అప్పుడు పెట్టేవాడు. అవతల ఎవరో వడ్డీవ్యాపారి తొందరపడుతూ పిడి తిప్పుతూనే ఉండేవాడు. ఈయన కళ్లకద్దుకోవడం అయ్యేదాకా ఆగాల్సిందే. ఏ కాగితం చేతికిచ్చినా చీర మడిచినట్టు మడిచేవాడు. ఊళ్లో పెద్దమనిషెవరైనా లైనులోకి వస్తే ముందు తల దువ్వుకునేవాడు.

"ఆయనకు నువ్వు కనపడతావా సెట్టీ?" అని ఒకసారి అడిగాను.

"నాకు నేను కనపడతా గదా," అన్నాడు.

పుస్తకంలో ఉన్న ప్రకారం ఆపరేటరు "నంబర్ ప్లీజ్" అనాలి. నేను ఒక్కనాడూ తప్పలేదు. ఆయన ఒక్కనాడూ అనలేదు. "ఏం కావాలప్పా?" అనేవాడు. అవతలివాడు, "మా అల్లునికి ఒంట్లో బాగలేదంట, జమ్మలమడుగులో డాక్టరుతో మాట్లాడాల," అని మొదలుపెట్టేవాడు. సెట్టి అంతా విని, ఏ డాక్టరు, ఆ పూట ఆయన ఇంట్లో ఉంటాడా, దవాఖానాలో ఉంటాడా అని కూడా చెప్పి, కలిపేవాడు. నేను బోర్డు మీదుంటే జనం నంబరు చెప్పి ఊరుకునేవాళ్లు కాదు. "సెట్టి లేడా?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఉన్నాడు, ఎదురుగా హోటల్లో టీ తాగుతున్నాడు అని చెప్పాలనిపించేది. చాలాసార్లు చెప్పాను కూడా.

నేను బడిపంతులి కొడుకును. మా నాయన వేంపల్లె దగ్గర ఒక పల్లెలో అయివారు. అందుకని సెట్టి నన్ను కూడా "అయివారూ" అనే పిలిచేవాడు. నేను లేనప్పుడు ఏమని పిలిచేవాడో తెలియదు గానీ, పనిలో నా అంత నికరమైనవాడు ఈ జిల్లాలో లేడు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. బోర్డు వెనక పలక తీస్తే ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. సెట్టి ఆ పలక తీయగా నేను చూడలేదు. లోపల బల్లులుంటాయని ఆయనకు భయం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తలో బయటి ఊళ్లకు ట్రంకు కాల్స్ విపరీతంగా పెరిగాయి. అప్పటిదాకా మద్రాసుకు మాట్లాడే వకీళ్లూ వ్యాపారస్తులూ కర్నూలు కావాలనడం మొదలుపెట్టారు. జమ్మలమడుగులో, పులివెందులలో చిన్న బోర్డులు పెట్టారు. వాటిమీద కూర్చున్నవాళ్లు నిన్నమొన్నటిదాకా స్టాంపులమ్మిన గుమస్తాలు. రేకు పడితే బెదిరిపోయి, ఏం చేయాలో తెలియక, ప్రతి చిన్నదానికీ ప్రొద్దుటూరుకు పిడి తిప్పేవాళ్లు. ఆఫీసువాళ్లిచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఇటుకంత ఉండేది. ఎవరూ తెరవలేదు.

అప్పుడు మా సూపర్వైజరు, "బోర్డు పక్కన తగిలించుకునేటట్టు ఒకే కాగితం మీద అన్నీ రాసియ్యండప్పా. చూసిన వెంటనే పని జరగాల," అని మా ఇద్దరికీ చెప్పాడు. ఎవరిది బాగుంటే అది రెండు ఊళ్లకూ పంపుతానన్నాడు.

నేను ఆ పనిని యజ్ఞంలాగా చేశాను. ఇంగ్లీషు పుస్తకమంతా చదివాను. మందమైన డ్రాయింగు కాగితం కడప నుంచి తెప్పించుకున్నాను. బోర్డులో ఉన్న ప్రతి భాగం పేరూ వరుసగా, అక్షరక్రమంలో, ఎర్ర సిరాతో రాసి, ఎదురుగా దాని వర్ణన, దాని పని నల్ల సిరాతో రాశాను. చుట్టూ గీతలు కొట్టాను. మా ఆవిడ చూసి దేవుని గదిలో పెట్టుకోవచ్చు అంది.

సెట్టి ఏమీ రాయడం లేదు. ఊరికే నా పక్కన కూర్చుని వక్కపొడి నమిలేవాడు. ఇవ్వాల్సిన రోజున, చీరల మడతల్లో పెట్టి వచ్చే అట్ట ఒకటి అంగట్లోంచి తెచ్చి, హోటల్లో కూర్చుని దానిమీద గిలికి పట్టుకొచ్చాడు. అక్షరాలు ఎద్దు ఉచ్చ పోసినట్టు వంకరటింకరగా ఉన్నాయి. భాగాల పేర్లు ఒక్కటీ లేవు. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. కడుపు మండినవాడికి మరపు రాదు.

"రేకు పడింది, ఎవురూ పలకల్యా: గాలికి తీగలు తగిలింటాయి. రేకు ఎత్తు. ఊరకుండు. మళ్లా పడితే లైన్‌మన్‌ను పిలువు.

"ఇద్దరి మాట్లు ముగ్గురికి వినపడతాండాయి: తాడు తప్పు బొక్కలో పెట్టింటావు. ముందు అది చూడు. తప్పు నీదే.

"వాళ్ల మాట నీకు వస్తాంది, నీ మాట వాళ్లకు పోల్యా: బ్యాటరీ కాడికి పో. తీగ పీకు. తుడువు. గట్టిగ బిగించు.

"అవతలోడు తిడతాండాడు: నువ్వు తిట్టొద్దు. ఎంత సేపు పడతాదో చెప్పు. తెలీకుంటే తెలీదను."

ఇట్లా సాగి, చివరన ఒక మాట: "ఇంకా కాకుంటే ప్రొద్దుటూరులో అయివారిని అడుగు."

అది చదివి నాకు ఒళ్లు మండింది. పేరు తనకు, చాకిరీ నాకా? "నన్నెందుకు లాగినావు దీంట్లోకి?" అని అడిగితే, "మరి నన్నడిగితే ఏం చెప్తా?" అన్నాడు.

ఇది కూడా ఒక రాతేనా అని నేను నవ్వాను. ఆయన నొచ్చుకోలేదు. "మా అంగడికి వచ్చినోడు నేత పేరు చెప్పి బట్ట అడగడు అయివారూ. 'కూతురి పెండ్లి' అంటాడు, 'అమ్మ పోయింది' అంటాడు. మా నాయన బట్టలన్నీ అట్లనే సర్దినాడు. పెండ్లివి ఒకపక్క, చావువి ఒకపక్క. పేర్లబడి సర్దింటే అంగడి ఎప్పుడో మూసేవాళ్లం," అన్నాడు.

సూపర్వైజరు రెండూ చూశాడు. నాదాన్ని రెండు చేతుల్తో ఎత్తి వెలుతురులో పెట్టి, "ఇది గదా పని అంటే," అన్నాడు. నాది నెగ్గింది. నాతోనే ఇంకో ప్రతి రాయించి, రెండు ఊళ్లకూ పంపారు. సెట్టి అట్టను కూడా ఎందుకు పారేయడమని నకలు తీయించి, వెంట పంపారు. నేను ఆ రోజు ఇంటికి మైసూరుపాకు తీసుకుపోయాను.

కొన్నాళ్లకు పనిమీద జమ్మలమడుగు పోయాను. ఎక్స్ఛేంజి గదిలోకి అడుగుపెట్టగానే నా కాగితం కోసం చూశాను. బోర్డుకు ఎదురుగా, మంచి స్థలంలో, పటం కట్టి తగిలించారు. పంపిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది, తెల్లగా, మరక లేకుండా. దాని మేకుకే ఒక బట్టలకొట్టు క్యాలెండరు కూడా తగిలించారు. సెట్టి అట్ట బోర్డు పక్కన, చేతికందేచోట, పురికొసతో వేలాడుతోంది. దాని అంచులు అరిగాయి. వేళ్ల జిడ్డుతో నల్లబడింది. ఒకచోట కాఫీ ఒలికింది. బ్యాటరీ గురించిన వాక్యం మీద వేలు పెట్టీ పెట్టీ అక్షరాలు సగం చెరిగితే, ఎవరో మళ్లీ పెన్సిలుతో దిద్దారు.

మురికిని చూసి అసూయపడ్డవాడు ప్రపంచంలో నేనొక్కడినే అయ్యుంటాను. పక్కనెవరూ లేనప్పుడు నా కాగితం మీద వేళ్లు రుద్దాను. అంటుకోవడానికి నా వేళ్లకు మురికి ఉంటే గదా. పులివెందులలో కూడా ఇదే సంగతి అని తర్వాత తెలిసింది.

ఆ యేడు వానాకాలం పెన్నేరుకు నీళ్లొచ్చాయి. పైన జమ్మలమడుగు దగ్గర ఏరు పొంగిందంటే ఆ నీళ్లు కిందికి, మా ప్రొద్దుటూరు పక్కకే వస్తాయి. మా దగ్గర అప్పటికి ఏట్లో ఇసుకే కనిపిస్తోంది. సంతరోజు. బండ్లు ఏట్లో దిగి ఇటు దాటుతున్నాయి. బోర్డు మీద నేనే ఉన్నాను.

జమ్మలమడుగు రేకు పడింది. ప్లగ్గు పెట్టి పలికాను. మాట లేదు. రేకెత్తాను. మళ్లీ పడింది. మాట లేదు. ఇట్లా పడుతూనే ఉంది. నా మాట వాళ్లకు పోతోంది, వాళ్ల మాట నాకు రావడం లేదని అర్థమైంది. వానకు గది కప్పు కారి బ్యాటరీ తడిసి ఉంటుంది. ఏం చేయాలో చెప్పడానికి నోరు తెరిచాను. అంతలోనే రేకు పడటం ఆగిపోయింది. అవతల మనిషి లేచిపోయినట్టున్నాడు. ఇంక ఆశ లేదనుకున్నాను.

కాసేపటికి చెవిలో గొంతు పలికింది. "అన్నా, వినపడతాందా? ఏరు తన్నుకొని వస్తాందన్నా. ఈడ మిట్టదాకా ఎక్కింది. మీకాడ ఏట్లో ఎవురన్నా ఉంటే బిన్నా గట్టు మీదికి లేపండి."

"తీగ తుడిచినావా?"

"తుడిచినానన్నా, అట్ట చూసి."

అప్పుడు నేనేమన్నానో చెబితే మీరు నవ్వుతారు. ఏరు తన్నుకొస్తోందని మనిషి మొత్తుకుంటుంటే, "ఏ అట్ట?" అని అడిగాను.

"ఏ అట్టేందన్నా? సెట్టి అట్ట," అన్నాడు.

పోలీసు స్టేషనుకు కలిపాను. వాళ్లు పరిగెత్తారు. బండ్లన్నీ గట్టెక్కాయి, మనుషులూ ఎద్దులూ దక్కారు. సాయంత్రానికి ఊరంతా సెట్టి పేరే. ఆయన ఆ పూట డ్యూటీలో కూడా లేడు. హోటల్లో జనం ఆయన చుట్టూ మూగి టీలు తాగిస్తుంటే, అట్ట ఎట్లా రాశాడో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. నన్ను చూసి, "రా అయివారూ, కూచో," అని పక్కకు జరిగాడు. కూర్చున్నాను.

జనం పోయాక అడిగేశాను. "సెట్టీ, నువ్వు పుట్టి బుద్ధెరిగి బ్యాటరీ పెట్టె మూత తీయలేదు. తీగ పీకి తుడవాలని నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా. చూసినా."

"యాడ?"

"నీకాడ." దోసె ముక్క తుంచుకుంటూ చెప్పాడు. "వాన మొదలు కాంగానే నువ్వు కుర్చీలోంచి లేస్తావు. పోయి తీగ పీకుతావు, పంచె కొసతో తుడుస్తావు, మళ్లా బిగించి వచ్చి కూచుంటావు. తుడుస్తాండావని నీకే తెలీదు. రేకు ఊరికే పడితే ఏం చేస్తావు? ఎత్తి ఊరకుంటావు. మాట్లు కలిసిపోతే ముందు నీ తాడే చూసుకుంటావు. అట్టలో ఉండేదంతా నీ పక్కన కూచోని చూసిందే. నా బుర్రలోది ఒక్క ముక్క కూడా లేదు."

నేను నా పంచె కొస వైపు చూసుకున్నాను.

"నీ కాగితంలో రాసినావా అయివారూ, తీగ తుడవాలని?"

రాయలేదు. బ్యాటరీ అన్న మాట ఎదురుగా, అందులో ఏ పలకలుంటాయో, ఏ ద్రావకం ఉంటుందో చక్కగా రాశాను. పుస్తకంలో తుడవడం లేదు. పంచె కొస అసలే లేదు.

"నువ్వు చేసేది ఒకటి, రాసేది ఒకటి. నువ్వు చేసేది నేను రాసినా," అన్నాడు. చేయి కడుక్కోవడానికి లేచాడు.

సొమ్మొకడిది సోకొకడిది అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. అది నిజమని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా నా కడుపుమంట చల్లారలేదు, రెండింతలైంది. నా చేతులు నాకు కనపడకుండా ఆయనకెట్లా కనపడ్డాయి? ఇన్నేళ్లు నా ఒంటికి అంటిపెట్టుకున్న చేతులవి.

"ఈ మాట సూపర్వైజరుతో చెప్తావా?" అని అడిగాను. అడిగినందుకు సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

"దానికేం భాగ్యం, రేపే చెప్తా," అన్నాడు. మరచిపోయాడు. ఆయన మరచిపోవడంలో కుళ్లు లేదు, అదే నాకు కుళ్లు. పెద్ద దొంగైతే తిట్టి ఊరుకునేవాణ్ణి. మళ్లీ గుర్తు చేస్తే, "అయ్యో, మర్చేపోయినా సూడు," అని తల కొట్టుకుని, మళ్లీ మరచిపోయేవాడు. తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రాజధాని హైదరాబాదు పోయింది, సూపర్వైజరు బదిలీ అయిపోయాడు. సెట్టిని పులివెందులకు వేశారు. తన అట్ట వేలాడుతున్న బోర్డు ముందే పోయి కూర్చున్నాడు. దాన్ని ఆయన ఒక్కసారీ చూసుకోలేదట. ఏదైనా తెలియకపోతే నేరుగా నాకే పిడి తిప్పేవాడు.

"ఏం కావాలప్పా?" అనేవాణ్ణి నేను, ఆయన్ను వెక్కిరిస్తూ.

"నువ్వే కావాల అయివారూ. ఈడ ఏందో గురగురమంటాంది," అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. వెంటనే బాగయ్యేది. "అబ్బ, నీ చేతులకు మొక్కాల," అనేవాడు. లైనులో ఇంకెవరూ లేనప్పుడే అనేవాడు, కావాలని కాదు. అప్పుడు ఎవరూ ఉండేవాళ్లు కాదు, అంతే.

కర్మ అయ్యాక పులివెందుల పిల్లవాడు అట్టను బస్సులో పంపించాడు. అందిందా అని ఫోను చేశాడు.

"అందింది," అన్నాను.

"ఎంత తెలివిగల మనిషన్నా. ఇన్ని సంగతులు ఆయప్పకు ఎట్లా తెలిసెనో."

ఇంక ఆగలేకపోయాను. "నా చేతులు చూసి రాసినాడప్పా. ఆయనే చెప్పినాడు నాతో. బ్యాటరీ తుడిచేది నేను. ఆయన ఊరికే పక్కన కూచోని చూసినాడు."

"అట్లనా అన్నా," అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ముసలివాళ్లు తాము చిన్నప్పుడు పులిని చంపామని చెబితే మనం అనే మర్యాద అది. "మీరిద్దరూ శానా స్నేహంగా ఉన్యారంట గదా, మామ చెప్పేవాడు."

ఏం చెప్పేవాడో అడగలేదు. అట్ట సంగతికి ఉన్న సాక్షి ఆయనొక్కడే. నేను చెబితే గొప్పలు, ఆయన చెబితే నిజం. ఆయనేమో అక్కడికి కూడా నాకంటే ముందే పోయి కూర్చున్నాడు.

ఆదివారం కొత్త అట్ట ముందు పెట్టుకున్నాను. ఎర్ర సిరా తీయలేదు. మాటలు మార్చాలని చూశాను. "పీకు" అన్నచోట "వేరుచేయుము" అని రాస్తే, నిజంగా బ్యాటరీ ముందు నిలబడ్డవాడికి అది పనికిరాదని తెలుస్తూనే ఉంది. కొట్టేసి "పీకు" అనే రాశాను. మొత్తం అట్లాగే ఎక్కించాను, "తప్పు నీదే"తో సహా. కింద మూలన నా పేరు రాసుకోవడానికి జాగా ఉంది. రాయలేదు. రాసినా దస్తూరి ఎవరిదో చెబుతున్నాననే అనుకుంటారు.

చివరి వాక్యం మిగిలింది. "ఇంకా కాకుంటే ప్రొద్దుటూరులో అయివారిని అడుగు." ఆ ఒక్కదాన్ని మాత్రం తక్కిన వాటికంటే లావుగా, పెద్ద అక్షరాలతో రాశాను. ఎవరైనా అడిగితే పాళీ అరిగిందని చెబుతాను.